నల్లద్దాల వెనక ఎర్రకన్ను

నేను ఒక జత నల్ల కళ్ళద్దాలను. కాకినాడ మెయిన్ రోడ్డులో తోపుడుబండి మీద వేలాడుతూ, ఏ షోకిలా మొహమో ఎక్కుతానని కలలు కన్నాను. తీరా నన్ను కొన్నది చక్రధర్ అనే కొత్త పెళ్ళికొడుకు. షోకుకు కాదు, కుడికన్ను చింతనిప్పులా ఎర్రబడి వెలుతురు చూడలేక.

"కళ్ళకలకేరా. ఊరంతా ఉందిగా," అంది వాళ్ళమ్మ సుభద్రమ్మ. పొద్దున్నే నందివర్ధనం పూలు కోసి అతని రెప్పల మీద పెట్టేది. పూలు వాడిపోయేవి, ఎరుపు మాత్రం తగ్గేది కాదు.

అతని భార్య హైమ నన్ను చూసి మురిసిపోయింది. "సినిమా హీరోలా ఉన్నారండీ. ఇలాగే కాలేజీకెళ్ళి పాఠం చెప్పండి, ఒక్కడూ క్లాసు ఎగ్గొట్టడు."

వీధిలో జనం మాత్రం నన్ను చూడగానే పక్కకు తప్పుకునేవారు. చూపు కలిస్తే చాలు, కలక అంటుకుంటుందని వాళ్ళ భయం. ఇలాంటి భయాలకు జడిసి దాచుకోవడం చక్రధర్‌కు అలవాటే. మోచేతుల మీది సోరియాసిస్ పొలుసులు కనబడకుండా ఎండాకాలంలోనూ పొడుగుచేతుల చొక్కాలే తొడిగేవాడు. అది అంటుకునే జబ్బు కాదు. అయినా బయటివాళ్ళలో హైమకొక్కదానికే, పెళ్ళికి ముందే చెప్పాడు. ఆమె రోజూ కూనిరాగం తీస్తూ మందు రాసేది. ఆ చొక్కాలదీ నాదీ ఒకటే ఉద్యోగం, దాచడం.

ఒక ఉదయం హైమ సరదాగా నన్ను తీసేసి, అతని మంచికన్ను అరచేత్తో మూసింది. రెండో చెయ్యి ముందుకు చాపింది.

"నా గాజులు ఏ రంగో చెప్పండి."

"గాజులా? నీ చెయ్యే పొగమంచులో ఉన్నట్టుంది."

ఆమె నవ్వు ఆగిపోయింది. ఆ కన్ను కేసి చాలాసేపు చూసింది. "పుసి కట్టని కలక ఏమిటండీ? పదండి, డాక్టరు దగ్గరికి."

సుభద్రమ్మ కూడా వెంట వచ్చింది. డాక్టరమ్మ కన్ను పరీక్షించి, "ఒంటి మీద చర్మవ్యాధి ఏమైనా ఉందా?" అని అడిగింది.

"లేదండీ," అన్నాడు చక్రధర్, అలవాటుగా.

"మా ఇంటావంటా లేదమ్మా," అంది సుభద్రమ్మ.

హైమ అతని చొక్కా చేతి బొత్తాం విప్పి, మోచేతి పైదాకా మడిచింది.

"దీనికీ ఆ కంటికీ చుట్టరికం ఉంది," అంది డాక్టరమ్మ. "సోరియాసిస్ ఉన్నవాళ్ళలో కొందరికి కంటి లోపల వాపు వస్తుంది. యువియైటిస్ అంటాం. కలక కాదు, ఎవరికీ అంటదు. ఇంకా ఆలస్యం చేస్తే చూపుకే ముప్పు. ఈ మందు చుక్కలు వేస్తే కంటిపాప పెద్దదై వెలుతురు మరీ గుచ్చుతుంది. చుక్కలు వేసినన్నాళ్ళూ ఆ అద్దాలు తియ్యకండి."

అలా నాకు దాచడం కాక వేరే పని దొరికింది.

చూపు మెల్లగా తేరుకుంది. సుభద్రమ్మ నందివర్ధనాలు ఇప్పుడు దేవుడికే పెడుతోంది. నేను అలమారలో, పొడుగుచేతుల చొక్కాల పక్కన ఉంటున్నాను.

నిన్న ఆ కన్ను మళ్ళీ కొంచెం ఎర్రబడింది. చక్రధర్ చెయ్యి నా దాకా వచ్చి ఆగింది.

"హైమా, ఒకసారి వచ్చి నా కన్ను చూడు," అని పిలిచాడు.

ఆమె తడిచేతులతోనే పరుగున వచ్చింది.