కిరసనాయిలు తాగిన మాట

అత్తగారి మీద కోపం తెచ్చుకుంటే బాగుండదు కనుక లియెన్ బాయిలర్ మీద తెచ్చుకుంది. పెరటి కొట్టులో ఉండే ఆ ఇనప భూతం నెలకి సరిపోవలసిన కిరసనాయిలంతా రెండు వారాలకే మింగేసి, మళ్ళీ ఆరి కూర్చుంది. అది వెలిగితేనే నేల కింది గొట్టాల్లో వేడినీళ్ళు తిరుగుతాయి. ఆ నేల మీదే తిండి, పడక అన్నీ.

అసలు బెంగ కిరసనాయిలు గురించి కాదు. అత్తగారు బొక్‌రే మూట కట్టేసింది. "ఆదివారం వొంజు పట్నంలో పెద్దాడి దగ్గరికి పోతానే. ఇక్కడ నా వల్ల కావట్లేదు," అంది. ఎందుకో చెప్పలేదు. మొహమాటానికి నిలువెత్తు బొమ్మ ఆవిడ.

వియత్నాం నుంచి లియెన్ ఈ మంచు ఊరికి వచ్చిన మొదటి రోజు, తన దూది కోటు విప్పి కోడలికి తొడిగింది ఈ ముసలావిడే. ఆవిడ వెళ్ళిపోతే ఈ ఇంట్లో తనకంటూ ఎవరూ ఉండరని లియెన్‌కి ఏడుపొచ్చింది. మొగుడు గ్వాంగ్‌తే రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. చలికాలమంతా మనిషి ఇంట్లో కనపడడు. "అమ్మకేం కావాలో నువ్వే అడుగు," అనేసి వెళ్ళాడు.

అడగకేం? రోజూ అడుగుతూనే ఉంది.

"అత్తమ్మా, నేల ఎలా ఉంది?"

"అబ్బ, చల్లగా ఉందే తల్లీ!"

 లియెన్ పరుగెత్తి గోడ మీద వేడి పెంచే నాబ్‌ని ఇంకాస్త తిప్పేది. తనకేమో చెమటలు. ముసలి రక్తం, పాపం, ఎంత వేడీ ఆనదేమో అనుకునేది. దానికి తోడు అత్తగారి పక్కలో బొంతలు ఒకటికి మూడయ్యాయి. ఆవిడ బొంతలు పెంచిన కొద్దీ ఈవిడ వేడి పెంచింది.

మెకానిక్ ప్యో వచ్చాడు. పనికంటే నోరు ముందు నడిచే మనిషి. "చెల్లెమ్మా, ఈ లోయలో ఏ బాయిలర్ దగ్గినా నాకు నిద్దట్లో తెలుస్తుంది," అంటూ స్పానరుతో దాని నెత్తిన మొట్టాడు. మొదటిసారి వచ్చినప్పుడు గొట్టంలో గాలి చేరిందన్నాడు. గాలి తీసి, నూనె నింపించి, కాఫీ తాగి వెళ్ళాడు. ఈసారి ఎలుక నూనె గొట్టం కొరికిందన్నాడు. మంచులో బోర్లా పడుకుని గొట్టం పొడుగునా వాసన చూశాడు. ఎలుకా లేదు, కారడమూ లేదు. లేచి ముక్కుకంటిన మంచు దులుపుకుని, "అయితే రోగం లోపలుంది," అన్నాడు. బయట దొరకనిది లోపలే ఉంటుంది కదా మరి!

అడుగున మిగిలిన నూనెతో ఎలాగో వెలిగించి, ఏం జరుగుతుందో చూద్దామని కాసేపు నడిపించాడు. నాబ్ లియెన్ తిప్పిన చోటే ఉంది. తర్వాత బొక్‌రే పడుకునే గదిలోకి పోయి, తడి తగులుతుందేమోనని నేల మీద రెండు అరచేతులూ ఆనించాడు.

"చచ్చాన్రా నాయనో!"

లియెన్ కంగారుగా, "చల్లగా ఉందా అన్నా?" అంది.

"చల్లగానా? ఇది గదా, పెనమా? ఇక్కడ చూడు, నేల మీది షీటు మాడి నల్లబడింది!"

"అత్తమ్మ రోజూ చల్లగా ఉందనే అంటుంది."

ప్యో లియెన్‌నీ, మూట పక్కన కూర్చున్న బొక్‌రేనీ మార్చి మార్చి చూశాడు. "పెద్దమ్మా, పొయ్యి మీంచి దించిన పులుసు ఊదుకుంటూ తాగి మనమేమంటాం?"

"ఏమంటాం? చల్లగా ఉందంటాం. ఒంటికి హాయిగా ఉంటే ఇంకేమంటార్రా?"

"పులుసు చల్లగానా?" లియెన్ నోరు తెరిచింది. "మీ భాష నేర్పే క్లాసులో ఇది చెప్పలేదు."

"టీచరమ్మకి ఇంకా మోకాళ్ళ నొప్పులు వచ్చి ఉండవు," అన్నాడు ప్యో.

"మరి మూడు బొంతలెందుకు అత్తమ్మా?"

"అవి కింద పరుచుకోడానికే పిచ్చిదానా! వీపు కాలిపోతుంటేనూ!"

"కాలిపోతుంటే చెప్పరేం?"

బొక్‌రే చూపు పక్కకి తిప్పుకుంది. "మొదట్లో నిజంగానే హాయిగా ఉండేది. తర్వాత... వేడి దేశపు పిల్లవి, సెగ తగ్గితే పుట్టింటి మీద బెంగ పెట్టుకుంటావని ఊరుకున్నా. అడిగినప్పుడల్లా నువ్వు చిన్నబుచ్చుకోకుండా చల్లగా ఉందనేదాన్ని. ఇంక ఓర్చుకోలేకే పెద్దాడి దగ్గరికి బయల్దేరా."

"నేనూ ఉడికిపోతున్నా అత్తమ్మా. వంటింటి కిటికీ తెరుచుకుని పడుకుంటున్నా," అంది లియెన్. నవ్వబోయి ఏడ్చేసింది.

"వెధవ మొహమాటాలు," అని బొక్‌రే కూడా ముక్కు చీదింది.

పరువు కోసం ప్యో ఫిల్టరు విప్పి చూపించాడు. అది నిజంగానే మురికిగా ఉంది. కడిగి బిగించాడు. నాబ్‌ని సగానికి తగ్గించి, నూనె బండికి ఫోన్ చేశాడు. ఊళ్ళో మాత్రం మహా కష్టమైన రోగం కుదిర్చానని చెప్పుకున్నాడు.

బొక్‌రే పెద్దకొడుక్కి ఫోన్ చేసి రానని చెప్పింది. పెట్టేసి, కోడల్ని పిలిచింది. "మా మాటతో పెద్ద తంటా వచ్చింది. ఒళ్ళు ఉడికిపోతుంటే మీవాళ్ళేమంటారే?"

"నొంగ్ క్వా."

ముసలావిడ ఆ మాటని నోట్లో వక్కలా అటూ ఇటూ తిప్పుకుంది.

పొద్దున్నే లియెన్ అలవాటు చొప్పున నాబ్ కాస్త ఎక్కువే తిప్పి, బియ్యం కడుగుతూ కూర్చుంది. లోపల్నించి కేక వినపడింది. "నొంగ్ క్వా! నొంగ్ క్వా!"

యాస ఘోరంగా ఉంది. కానీ ఈ ఇంట్లో తన భాష ఇంకొకరి నోట వినడం ఆ పిల్లకి అదే మొదలు. చేతులు బియ్యం నీళ్ళలోనే ఉండిపోయాయి.

"ఓసి చెవిటిదానా, ఇక్కడ మాడిపోతున్నానే! నొంగ్ క్వా!"

నాబ్ వెనక్కి తిప్పాలి, తెలుసు. అయినా ఇంకొక్కసారి అంటుందేమోనని లియెన్ కదలకుండా కూర్చుంది.