నల్ల కారు ఎడం పక్క

కొత్త కారుకి తనే మైనం రాస్తానని త్రినాధరావు మిట్టమధ్యాహ్నం ఎండలో చొక్కా విప్పాడు. శుక్రవారం ఉప్మాక వెంకన్న కల్యాణానికి ఆ కారు అద్దంలా మెరుస్తూ వెళ్లాలి. ఆయనా, వాళ్లమ్మ కొర్లమ్మా, బెల్లం మార్కెట్టు బావ సన్యాసిరాజూ, ఆయన భార్యా వెళ్తారు. త్రినాధరావు భార్య పైడితల్లికి మాత్రం చోటు లేదని, ఇల్లు చూసుకోవాలని ముందే తేలిపోయింది. ఉప్మాక ఆమె పుట్టిల్లు. ఆ ఊరి మొహం చూసి మూడేళ్లయింది.

విశాఖపట్నం నుంచి తెచ్చిన రేకు డబ్బా మూత తీసి, ఆయన అరచేతినిండా మైనం తోడుకుని, గోడకి సున్నం కొట్టినట్టు బానెట్టూ కుడి తలుపూ అంతా మెత్తాడు. సన్యాసిరాజు అరుగు మీంచి సలహాలు చెప్పాడు. కాలుతున్న రేకు మీద మైనం చూస్తుండగానే ఎండిపోయి, నల్లటి అంబాసిడరు కాస్తా విబూది పూసుకున్న దున్నపోతులా తయారైంది. రుద్దితే రాలేదు. దొంగ సరుకు అంటగట్టారని డబ్బాని తిట్టి ఆయన స్నానానికి లేచాడు.

"నువ్వులనూని రాసీరా. నల్లటిది నిగనిగలాడాలంటే నూనే" అంది కొర్లమ్మ గుమ్మంలోంచి.

నూనె రాస్తే అనకాపల్లి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. ఆ మాట పైడితల్లి పైకి అనలేదు. ఈ తొమ్మిదేళ్లలో లోపలే అనుకుని ఊరుకున్న మాటలు పోగేస్తే వాటితో ఇంకో కాపురం పెట్టొచ్చు.

అందరూ తిని నడుం వాల్చాక డబ్బా చేతిలోకి తీసుకుంది. ఆమె నక్కపల్లిలో థర్డు ఫారం దాకా చదివింది. కాపురానికొచ్చిన కొత్తలో ఏదో కవరు మీది చిరునామా చదివి పెడితే, "నీ ఇంగ్లీసు పొయ్యి రాజేత్తాదేటే?" అని త్రినాధరావు నలుగురిలో నవ్వాడు. ఆ తరవాత ఆ ఇంట్లో ఆమె ఏదీ పైకి చదవలేదు. ఇప్పుడు డబ్బా మీది ఇంగ్లీసుని వేలు పెట్టుకుని కూడబలుక్కుంది. నీడలో రాయాలి. రేకు చల్లబడాలి. కొంచెం మైనంతో కొంచెం మేరే రాయాలి. మసకబారగానే మెత్తటి గుడ్డతో తుడవాలి. అంతే.

మూడింటికి బళ్లసాల నీడ కారు మీదకి వాలింది. ఎండి కూచున్న మైనం మీదే వేలితో మళ్లీ కాస్త రాస్తే మెత్తబడి ఊడొచ్చింది. మొదట తన పాత చీర ముక్కతో, ఇత్తడి బిందె తోమే అలవాటుకొద్దీ గట్టిగా తోమింది. అంచులో జరీ పోగు కుడి తలుపు మీద వెంట్రుకంత గీత గీసింది. ఆ ముక్క పారేసి, త్రినాధరావు మెత్తటి మల్లు పంచె ఒకటి నిలువునా చింపి, నీళ్లు పోసిన పసిబిడ్డకి తడి ఒత్తినట్టు తేలిగ్గా తుడిచింది. నలుపు లోపల్నుంచి వెలుగు లేచింది. గీత మాత్రం ఉండిపోయింది. అదెక్కడుందో ఆమెకొక్కదానికే తెలుసు.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం కారులో ఓ భాగం. పని తగ్గలేదు సరే, ఇంకోటి నెత్తినేసుకుందని ఎవరైనా నవ్వొచ్చు గానీ, ఆమెకి సుఖంగా ఉంది. పొద్దున్న ఊడ్చిన వాకిలి పదింటికి ఊడ్చినట్టుండదు, వండిన కూర తిన్నాక ఉప్పెక్కువైందన్న మాట తప్ప మరేం మిగలదు, ఉతికి దండేనికేసిన గుడ్డ మర్నాటికి మాసి మళ్లీ మూలకే వస్తుంది. ఇదొక్కటే, నిన్న చేసింది ఇవాళ వచ్చి చూస్తే అక్కడే ఉంది. పైగా ఆ తలుపులో తనుంది. ఇంట్లో ఉన్నది ఒకటే అద్దం, ఆయన గడ్డం గీసుకోడానికి వీలుగా ఆయన ఎత్తుకి కొట్టిన మేకు మీద. అందులో ఆమెకి పాపిడీ బొట్టూ కనిపిస్తాయి. కళ్లు చూసుకోవాలంటే మునివేళ్ల మీద లేవాలి. కారు తలుపులో పాదాల దాకా కనిపించింది. పరవాలేదే, బాగానే ఉన్నాననుకుంది.

బుధవారానికి బానెట్టూ, వెనకా, కుడి పక్కా అయిపోయాయి. ఆ రాత్రి అన్నం దగ్గర త్రినాధరావు మార్కెట్టు కబుర్లు చెప్పాడు. కారు చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారట. ఎవరు రాశారని అడిగితే, "దానికి సెయ్యి తిరగాల బావా" అన్నాడట. పైడితల్లి చారు వడ్డించింది.

గురువారం ఆమె కారు దగ్గరకి వెళ్లలేదు. మధ్యాహ్నం పడుకుంది.

సాయంత్రం ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "ఎడం పక్క ఒగ్గేసేవేటే? రోడ్డు మీద జనానికి కనపడేది అదే కదా."

"డబ్బా మీద కొంచెం కొంచెంగా సెయ్యమని రాసుందండీ. మిగిలింది ఉప్మాకలో సేత్తాను. కల్యాణం రాత్రికే గదా, మా నాన్న పశువుల సాలలో మంచి నీడుంటాది."

త్రినాధరావు డబ్బా వైపు చూశాడు. అది ఆమె గుడ్డల సంచీలో పైనే ఉంది. "సోటేదే?"

"ముందు సీటు మన పట్టెమంచం అంతుంది. తుడిసింది నేనే కదా, తెలుసు."

ఆయన తల్లి వంక చూశాడు. కొర్లమ్మ తీరిగ్గా చుట్ట ఆర్పింది. "సగం పాలిషు కారులో నానెక్కనొరే. దాన్ని నా పక్కన కూకోబెట్టీ" అంది. ఆమె పెదాల మీద లేచిన నవ్వు కోడలికి మాత్రమే కనబడింది.

శుక్రవారం పొద్దున్నే పైడితల్లి పచ్చడిబండ తెచ్చి, గోడ మేకు ఊడబెరికి, జానెడు కిందన కొట్టి, అద్దం తగిలించింది. మడమలు నేలకానించి కాటుక పెట్టుకుంది.

గడ్డం గీసుకోడానికి వచ్చిన త్రినాధరావుకి అద్దంలో తన గుండెలు కనిపించాయి. ఏదో అనబోయి కిటికీలోంచి బయటికి చూశాడు. కారు ఎడం పక్క ఇంకా మిగిలే ఉంది. మోకాళ్లు వంచి గడ్డానికి సబ్బు పూసుకున్నాడు.