తాత ఆకు మడిచేదాకా

గోడ గడియారం పన్నెండూ యాభై చూపిస్తోంది. గురువారం. ఒంటిగంటన్నరకి రాహుకాలం వచ్చేస్తుంది. మాయవరంలో ఆ కల్యాణ మండపం ముందు పూలదండలు చుట్టుకుని వ్యాను సిద్ధంగా ఉంది. పెళ్ళికూతురు యాళిని అందులో ఎక్కాలి, పుదుక్కోట చేరాలి, పొద్దు గూకక ముందే అత్తవారింట దీపం పెట్టాలి. రాహుకాలం పోయేదాకా ఆగి మూడింటికి బయలుదేరితే దారిలోనే చీకటి పడుతుంది. ఆ మాట తలుచుకునే యాళిని తల్లి మరకతం వ్యానుకీ గడియారానికీ మధ్య తిరుగుతోంది.

అన్నిటికీ అడ్డు ఒక్కటే. తాత ఇంకా తింటున్నాడు.

మరకతం తండ్రి కుంజితపాదం పిళ్ళైకి ఎనభై నాలుగేళ్ళు. రెండో బంతికి పెద్ద ఆయనే. ఆయన పక్కన మనవరాలు, ఆమె పక్కన పెళ్ళికొడుకు ముకిలన్, ఆ తర్వాత వియ్యంకుడు శివజ్ఞానం, ఆపైన ముప్పై మంది. పెద్దాయన ఆకు మడిచి లేవందే వాళ్ళు లేవలేరు. లేవమని ఆయనకి చెప్పనూలేరు. ఎంగిలి చేతులు ఎండిపోతుంటే ముప్పై మందీ బుద్ధిగా కూర్చున్నారు. వాళ్ళ వెనక మూడో బంతివాళ్ళు ఒక్కో కుర్చీ వీపు పట్టుకుని కాపలా కాస్తున్నారు.

"ఏమే మరకతం," అంది మేనత్త తైయల్‌నాయకి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంటూ. "మా అన్నయ్య భోజనానికి విడిగా ఇంకో ముహూర్తం పెట్టించాల్సింది."

"మెల్లిగా అత్తా! వింటారు."

"వింటే విననీ. చిన్నప్పుడు ఈయన ఒక ఇడ్లీ తినేలోపు నేను బడికెళ్ళి దెబ్బలు తిని ఇంటికొచ్చేదాన్ని."

శివజ్ఞానం నోరు మాత్రం మర్యాద తప్పలేదు. "నిదానంగా కానివ్వండి మావయ్యగారూ, తొందరేముంది!" అన్నాడు. కళ్ళు మాత్రం గడియారాన్ని తినేస్తున్నాయి.

వడ్డించే నటరాజు రసం బకెట్టుతో వచ్చి పెద్దాయన ముందు ఆగాడు. "అయ్యా, రసం?"

"పొయ్యి. ఒక గరిటె."

మజ్జిగన్నం కలుపుకున్న మనిషి మళ్ళీ రసం! బంతి ఆ చివరనుంచి ఈ చివరదాకా ఒక నిట్టూర్పు పాకింది. మరకతం నటరాజుని స్తంభం చాటుకి లాక్కెళ్ళింది.

"నీకు బుద్ధుందా? అడక్కుండా వెళ్ళలేవూ?"

"ఆకు ముందు ఆగి అడక్కుండా ఎలా పోనమ్మా?"

"పోనీ, వంటింట్లో అన్నీ అయిపోయాయని చెప్పు."

నటరాజు బకెట్టు కింద పెట్టి రెండు చెవులూ పట్టుకున్నాడు. "పెళ్ళి భోజనంలో అయిపోయిందని నా నోటితో అనమంటారా? రేపట్నించి నా చేతి గరిటెని ఏ మండపంలోకి రానిస్తారు? మీరు కావాలంటే నన్ను కొట్టండి, ఆ మాట మాత్రం అనను."

ఒంటిగంటా అయిదు. బయట డ్రైవరు హారన్ మోగించాడు. మరకతం ధైర్యం కూడగట్టుకుని తండ్రి ముందుకి వెళ్ళి వంగింది.

"అప్పా, మజ్జిగ ఇంకాస్త పోయించనా?" ఇంతకు మించి కూతురు ఏమనగలదు?

పెద్దాయన తల ఎత్తాడు. కాసేపు ఆలోచించాడు. "సాంబారు ఉందా?" అన్నాడు.

"అయ్యో, మళ్ళీ మొదటికొచ్చాడు!" అన్నారెవరో కుర్చీ వెనకాల. ముకిలన్‌కి పొలమారింది. నవ్వాపుకోలేక తైయల్‌నాయకి కొంగు నోట్లో కుక్కుకుంది.

మరకతానికి మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. అలా వంగి ఉండగానే తండ్రి చెయ్యి కనిపించింది. సాంబారు వచ్చి ఆకు మీద పడింది, కానీ ఆయన తినడం లేదు. అదే ముద్దని కలుపుతున్నాడు, విడదీస్తున్నాడు, మళ్ళీ కలుపుతున్నాడు. మధ్యమధ్యలో కళ్ళు పక్కకి తిప్పి ఒక చూపు చూస్తున్నాడు. మరకతం కూడా ఆ చూపు వెంట చూసింది.

యాళిని ఆకు మీద అన్నం వడ్డించింది వడ్డించినట్టే ఉంది. నెయ్యి గడ్డకట్టింది. అప్పడం చెక్కు చెదరలేదు. ఎదురుగా ఫొటోలవాడు, "లడ్డు నోటి దగ్గర పెట్టుకోమ్మా... ఆ, అంతే... కొరక్కు, కొరక్కు!" అంటున్నాడు. పిల్ల తెల్లవారుజామున తాగిన గ్లాసుడు పాలతోనే ఉంది.

మరకతానికి ముప్పై రెండేళ్ళ కిందటి ఆకు ఒకటి కళ్ళముందుకొచ్చింది. అక్క వడివు పెళ్ళి. ఆరోజూ రాహుకాలమే తరిమింది. అప్పా గబగబా తిని లేచాడు, బంతంతా లేచింది. నోటిదాకా వెళ్ళిన ముద్దని అక్క తిరిగి ఆకులో పెట్టేసి చెయ్యి కడుక్కుంది, కారెక్కింది. ఏడాది తిరక్కుండానే అత్తవారింట జ్వరంతో పోయింది. పుట్టింటి ఆకులో మళ్ళీ ముద్ద ముట్టలేదు. ఆ సంగతి అప్పా నోరు తెరిచి ఏనాడూ అనలేదు. కానీ అప్పట్నించీ ఏ బంతిలోనూ ఆయన ముందు లేవలేదు. కుంజితపాదం పిళ్ళై తిండిపోతు అని ఊరంతా నవ్వింది. మరకతం కూడా నవ్వింది.

ఇంతసేపూ అందరూ చూడాల్సిన ఆకు వదిలేసి వేరే ఆకు చూస్తున్నారు!

ఒంటిగంటా పన్నెండు.

"బాబూ, ఆ కెమెరా కట్టెయ్యి!" మరకతం గొంతుకి మండపం ఉలిక్కిపడింది. "నటరాజూ! పెళ్ళికూతురికి వేడన్నం! వేడి సాంబారు! పరుగెత్తు!"

"అమ్మా, టైమైపోతోంది, నాకొద్దు," అంది యాళిని. "అక్కడికెళ్ళి తింటాను."

"నువ్వు తింటేనే తాత లేచేది! ఆయన నీకోసమే కూర్చున్నాడే పిచ్చిదానా!"

యాళిని తాతవైపు తిరిగింది. పెద్దాయన ఏమీ ఎరగనట్టు ముద్ద కలుపుతున్నాడు. లడ్డు పక్కన పెట్టి, గాజులు వెనక్కి తోసుకుని అన్నంలో చెయ్యి పెట్టింది.

మొదటి ముద్ద బలవంతాన దిగింది. రెండోది తనంతట తనే దిగింది. మూడో ముద్దకి, "అమ్మా, ఎంత ఆకలేస్తోందే నాకు!" అని తానే ఆశ్చర్యపోయింది.

"కోడలికి నెయ్యి వెయ్యవయ్యా, చూస్తావేం!" అని అరిచాడు శివజ్ఞానం, గడియారం సంగతే మర్చిపోయి.

"మెల్లిగా తిను, గొంతుకి అడ్డం పడుతుంది," అన్నాడు ముకిలన్.

"అబ్బో, అప్పుడే పెత్తనం మొదలెట్టాడు!" తైయల్‌నాయకి అందుకుంది.

సాంబారైంది. రసమైంది. కుర్చీల వెనకున్నవాళ్ళు ముద్దముద్దకీ "ఇంకోటి, ఇంకోటి" అంటున్నారు. పాయసంలో అప్పడం నలుపుకుని యాళిని జుర్రుకుంటే చప్పట్లు కొట్టారు. ఆమె ముద్ద ఎత్తినప్పుడల్లా పక్కన తాత ముద్ద కూడా లేస్తోంది. మజ్జిగన్నం, నిమ్మకాయ ఊరగాయ, ఆఖరి మెతుకు.

పెద్దాయన మనవరాలి ఆకు ఒకసారి చివరిదాకా పరిశీలించాడు. తన ఆకు పై సగాన్ని తనవైపుకి మడిచాడు. ఆ వెంటనే ముప్పై ఆకులు మడిచిన చప్పుడు, ముప్పై కుర్చీలు జరిగిన చప్పుడు!

ఒంటిగంటా ఇరవై ఏడుకి యాళిని వ్యాను మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. "పోయొస్తాను తాతా."

తడి చెయ్యి పంచకి తుడుచుకుంటూ ఆయన దగ్గరికొచ్చాడు. "కడుపు నిండిందా?"

"జాకెట్టు బిగుసుకుపోయింది తాతా!"

"అయితే పోయి రా."

వ్యాను వీధి మలుపు తిరిగేదాకా మరకతం చెయ్యి ఊపుతూనే ఉంది. వెనక్కి తిరిగేసరికి తండ్రి ఆమెనే చూస్తున్నాడు.

"నువ్వు తిన్నావా?"

తినలేదు. పొద్దుట్నించీ ఆ సంగతే గుర్తు లేదు. ఆమె ముఖం చూడగానే పెద్దాయనకి తెలిసిపోయింది. లోపలికి నడిచి, మూడో బంతిలో రెండు కుర్చీలు ఖాళీ చేయించి, ఒకదాంట్లో తాను కూర్చున్నాడు.

"నటరాజూ, నాకూ ఒక ఆకు వెయ్యి."

"అయిపోయింది," అంది తైయల్‌నాయకి, మూడో బంతివాళ్ళ వైపు జాలిగా చూస్తూ. "ఇక దీపాలు పెట్టేదాకా మీరెవరూ లేవరు."

మరకతం నవ్వుతూనే, కళ్ళు తుడుచుకుంటూనే, తండ్రి పక్కన కూర్చుని ఆకు మీద నీళ్ళు చిలకరించింది.