నెమలికి కనబడకుండా

పొద్దున్నుంచి నాన్న బీరువా అద్దంలోనే ఉన్నాడు, బయట లేడు.

ఆయన ఆ అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటుంటే బాల్కనీలోంచి నెమలి వచ్చింది. అద్దంలో తనని చూసుకుని, మరో మగనెమలి అనుకుని, ఎగిరి కాళ్లతో తన్నింది. దెబ్బ పక్కనే ఉన్న నాన్న ప్రతిబింబానికి తగిలింది. అది పడిపోతూ నాన్న చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుంది. ఆయన చెంప మీద సబ్బు నురగ ఇంకా అలాగే ఉంది.

"గింజలెయ్యడం బంద్ చెయ్యి, స్వరూపా," అంటున్నాడు నాన్న లోపల్నుంచి. "తినిపించి తినిపించి దానికి భయం లేకుండ చేసినవ్. ఇల్లు తనదే అనుకుంటున్నది."

"సుబ్రహ్మణ్యస్వామి వాహనాన్ని పస్తుంచమంటరా? మీకేం, లోపల చల్లగ నిలబడి చెప్తరు." అమ్మ బాల్కనీలో శనగలు చల్లి, కళ్లు మూసుకుని దండం పెడుతోంది.

వానాకాలం, నెమళ్లు జతకట్టే కాలం, మెరిసే ప్రతిదాంట్లోనూ దానికి శత్రువే కనిపిస్తాడు. చెల్లి ఇందుజ కూడా అద్దంలోకి పోకూడదు, అందుకే ఇద్దరం గబగబా అన్నీ కప్పేస్తున్నాం, టీవీకి దుప్పటి, ఫ్రిజ్‌కి లుంగీ, స్టీలు గిన్నెలన్నీ గోనెసంచిలోకి. ఒక కిటికీకి పేపరు అంటిస్తే పక్కన ఇంకో కిటికీ మొలుస్తోంది. దానికీ అంటిస్తున్నాం. టైల్స్ మెరుస్తున్నాయని గోధుమపిండి చల్లుతున్నాం.

ఇక బీరువా మిగులుతుంది.

"కప్పెయ్ బిడ్డా," అంటాడు నాన్న. "నన్ను చూస్కుంట కూసుంటే అయితదా?"

చెల్లి ఆయన మీద చీర కప్పుతుంది.

నెమలి హాల్లోకి వస్తుంది. దాని తోక చివర ఇంకా బాల్కనీలోనే ఉంది.

"ఉరకకు," చీర వెనక నుంచి నాన్న గొంతు. "వీపు చూపియ్యకు. గొడుగు విప్పి అడ్డం పెట్టుకో. మెల్లగ వెనక్కి నడువు."

చెల్లి గొడుగు విప్పి పట్టుకుని వెనక్కి నడుస్తోంది. నడిచినకొద్దీ హాలు పొడవవుతోంది, వీధి తలుపు దూరం జరుగుతోంది. నెమలి పిండిలో అడుగులేస్తూ వెతుకుతోంది. శత్రువు ఎక్కడా లేడు. అంతలో గొడుగు పైనుంచి చూస్తున్న చెల్లి కళ్లల్లో నీళ్లు నిండుతాయి. ఆ రెండు కళ్లల్లో రెండు నెమళ్లు నిలబడి ఉన్నాయి.

"కళ్లు మూస్కో," అంటాను.

"మూస్తే తలుపెక్కడుందో ఎట్ల తెలుస్తది అన్నా?"

"నేను చెప్త కదనే."

మూసుకుంటుంది. బాల్కనీలో అమ్మ ఇంకా కళ్లు మూసుకునే ఉంది. ఇప్పుడు ఇంట్లో మెరిసేవి నా కళ్లే. నెమలి నావైపు తిరుగుతుంది. నేనూ మూసుకోవచ్చు, కానీ అప్పుడు తలుపు ఎవరు చూస్తారు?

"ఎడమకి," అంటాను. "ఇంకొంచెం. గడప, జాగ్రత్త."

నెమలి నా మీదికి ఎగురుతుంది.

నొప్పి లేదు. పింఛం విచ్చుకుంటుంది, దాని మీద ప్రతి కన్నూ తడిగా ఉంది, అన్నిట్లోంచీ నేనే చూస్తున్నాను. చెల్లి గడప దాటింది, మెట్లు దిగింది, వానలో రోడ్డు మీద వెనక్కి నడుస్తోంది.

"అన్నా, ఇగ తెరవనా?"

తెరువు అంటాను. కానీ నా నోట్లోంచి వచ్చేది నెమలి కూత. చెల్లి రెప్పలు ఇంకా గట్టిగా బిగిస్తుంది.

ఆ కూత విని ఎదురైనవాళ్లంతా దారిచ్చి, కళ్లు మూసుకుని, ఆమెతోపాటు వెనక్కి నడుస్తున్నారు. బస్సు డ్రైవరు గొడుగు లేక స్టీరింగు ఊడబీకి ముందు పట్టుకున్నాడు. తల్లులు చంకలో పిల్లల రెప్పల మీద అరచేతులు పెడుతున్నారు.