ఎక్కడికెళ్ళావని అడగని ఆట

అడుగంటిన పాలగిన్నెని ఆమె గీకుతుంటే, వెనక బల్ల దగ్గర కూర్చున్న భర్త, "ఆరోజు మాట్లాడే సంగతి నేను చూసుకుంటాలే. నలుగురి ముందూ నువ్వు తడబడతావు," అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అతను ఏదన్నా ప్రేమగానే అంటాడు, అదే వచ్చిన చిక్కు. గిన్నె అడుగున నల్లటి పెచ్చు ఒకవైపు ఊడి, దాని కింద చిన్న మెరుపు కనిపించింది. అందులోకి చూస్తూ కాసేపు ఎటో వెళ్ళిపోయింది. చిన్నప్పటినుంచీ ఆమెకి ఈ జబ్బు ఉంది. కుళాయి వృథాగా పారుతోందని అతనే గుర్తుచేశాడు.

ఆరోజంటే, ఆమె తయారుచేసిన కంప్యూటర్ ఆట జనంలోకి వెళ్ళే రోజు. వీధి చివరి గ్రంథాలయంలో కింది హాలు అడిగి పెట్టుకున్నారు. ఆట పేరు 'మంచులో'. ఆడడానికి చేతిలో మౌస్ ఒక్కటుంటే చాలు. తెరంతా తెల్లటి పొగమంచు. మౌస్ మెల్లగా కదిపితే ఆ మేరకి మంచు విడిపోయి గడ్డీ, రాళ్ళూ, ఒక కాలిబాటా, ఎవరో మరిచిపోయిన గొడుగూ కనిపిస్తాయి. తొందరపడి గిరగిరా తిప్పితే మంచు మళ్ళీ కమ్ముకుంటుంది. ఎక్కడైనా కదలకుండా ఆగితే, ఆగినచోట నీళ్ళు ఊరతాయి, నీళ్ళలోకి ఆకాశం వస్తుంది. గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఆట మూసేశాక మీరు నడిచిన జాడ ఆమె దగ్గర గానీ ఇంకెవరి దగ్గర గానీ మిగలదు. మొదటి తెర మీద ఆమె రాసింది ఇంతే: "ఎక్కడికెళ్ళారని అడగం. వెళ్ళొచ్చాక గుర్తుపెట్టుకోం."

ఆ ఆట పుట్టింది మాత్రం వంటింటికీ ఆఫీసుకీ మధ్య నలిగిన మధ్యాహ్నాల్లో. పెళ్ళికి ముందు ఆమె ఆటలు తయారుచేసే కంపెనీలో పనిచేసేది. పెళ్ళయ్యాక ఇంటిపట్టునే ఉండి చేసుకోవచ్చని బీమా కాగితాలు సరిచూసే ఉద్యోగంలో చేరింది, అంటే చేర్చారు. ఆ ఆఫీసువాళ్ళు ఆమె కంప్యూటర్లో ఒక కాపలా పెట్టారు. మౌస్ కదులుతున్నంతసేపూ ఆమె పేరు పక్కన ఆకుపచ్చ చుక్క ఉంటుంది. కాసేపు ఆగిందా, పసుపు చుక్క. కాగితం చదవాలంటే మౌస్ కదపక్కర్లేదు, ఆలోచించాలంటే అసలే అక్కర్లేదు. కానీ చదవడం, ఆలోచించడం లాంటివి ఆ చుక్క లెక్కలో పనులు కావు. పైఅధికారి ఫోన్ చేసి, మీ చుక్కకి కామెర్లొచ్చినట్టున్నాయి మేడం, అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. ఫోన్ పెట్టేశాక, ఎందుకు నవ్వానా అని తనని తనే తిట్టుకునేది.

ఇక్కడ చుక్క పసుపైతే అక్కడ పొయ్యి మీద కూర మాడుతుంది. ఈ రెండింటి మధ్యా పరిగెత్తలేక, ఒకరోజు అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, కాస్త దీన్ని అటూ ఇటూ కదుపుతూ ఉండండి అత్తయ్యా, అని బతిమాలింది. ఆవిడ మొదట్లో మౌస్‌ని వేడిగిన్నె పట్టుకున్నట్టు పట్టుకునేవారు. రోజులు గడిచేకొద్దీ భయం పోయింది. ఓసారి గరిటె చేత్తోనే వచ్చి గుమ్మంలో నిలబడిన ఆమె అలాగే చూస్తూ ఉండిపోయింది. అత్తగారి చెయ్యి తరగడం చూసింది, తోమడం చూసింది, కొడుకు చొక్కాలు మడతపెట్టడం చూసింది. ఏ పనీ లేకుండా ఆ చెయ్యి అలా కదలడం ఎప్పుడూ చూడలేదు. ఏం చేస్తున్నారు అత్తయ్యా అంటే, ఆవిడ దొరికిపోయినదానిలా సిగ్గుపడి, "ఏం లేదమ్మా. అలా తిరిగొస్తున్నా," అన్నారు.

ఆ మాట ఆమెని చాలారోజులు వదల్లేదు. ఇంట్లోంచి కదలకుండా తిరిగొచ్చే చోటు ఒకటి ఉండాలనీ, ఆ చోట ఎవరూ ఆరా తీయకూడదనీ అనిపించింది. పాత విద్యంతా బయటికి తీసి, దొరికిన కాసిని గంటల్ని పోగుచేసుకుని మంచుని అల్లింది. మొదట ఆడింది అత్తగారే. ఇందులో నేనేం చేసిందీ ఎవరికైనా తెలుస్తుందా అని ఆవిడ అడిగితే, నాక్కూడా తెలీదు అత్తయ్యా, అని చేతిలో చెయ్యేసి మాటిచ్చింది. అప్పటినుంచీ మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు కాసేపు, ఆమె కాసేపు మంచులోకి వెళ్ళొచ్చేవాళ్ళు. ఎక్కడికెళ్ళిందీ ఒకరికొకరు చెప్పుకోలేదు. అదేదో ఇద్దరూ కలిసి చేసే దొంగతనంలా హాయిగా ఉండేది.

గిన్నె కడగడం అయ్యేసరికి భర్త బల్ల మీద ప్రారంభోత్సవాన్ని పరిచేశాడు. అతనిది అమ్మకాల ఉద్యోగం, ఇలాంటివి చిటికెలో పని. ఉప్పు సీసా వేదిక, గ్లాసులు జనం, చెంచా తలుపు. ఉప్పు సీసా మీద అతను నిలబడి 'మన ఆట' గురించి మాట్లాడతాడు. ఆమె కింద కంప్యూటర్ దగ్గర కూర్చుని అతను చెప్పినప్పుడల్లా మౌస్ కదపాలి. కుర్చీలూ మంచినీళ్ళూ ఎలాగూ ఆమె చూసుకుంటుంది. "నీ ఆటకి ఒకటే లోటు. చూపించడానికేం లేదు. అందుకే నీకు తెలియకుండా ఒకటి చేయించాను, చూడు," అని కంప్యూటర్ తిప్పాడు. హాల్లోంచి అత్తగారు కూడా వచ్చి నిలబడ్డారు.

నల్లటి తెర మీద సన్నటి గీతలు, దారప్పోగుల్లా. ఒక రంగు కాసేపు మెలికలు తిరిగి, ఇంకో రంగు దాన్ని దాటి, చూడ్డానికి నిజంగానే అందంగా ఉన్నాయి. తెలిసినవాడి చేత ఇంట్లో ఉన్న ఆటలో చిన్న మార్పు చేయించానని, కొన్నాళ్ళుగా అందరి జాడలూ దాస్తోందని అతను మురిసిపోతూ చెప్పాడు. హాల్లో గోడంత తెర మీద వేస్తే జనం నోరు తెరుచుకుని చూస్తారన్నాడు. ఇది అమ్మది, ఇది నీది, అని వేలితో చూపించాడు. తర్వాత ఆ వేలు ఒకచోట ఆగింది.

"మొన్న మధ్యాహ్నం ఇక్కడ ఎంతసేపు ఆగిపోయావో చూడు. అంతసేపు ఏమాలోచిస్తున్నావు?"

నవ్వుతూనే అడిగాడు. ఆమెకి మాత్రం స్నానం చేస్తుంటే ఎవరో తలుపు తోసుకుని వచ్చినట్టయింది. మొన్న మధ్యాహ్నం ఆ నీళ్ళ ఒడ్డున ఆగి ఆమె మనసులోనే ఒక ఇంట్లోకి వెళ్ళింది. ఒకటే గది, ఒకటే కాఫీ కప్పు, కిటికీలోంచి వచ్చి నేల మీద పడుకున్న ఎండ. ఆ ఇంట్లో ఎవరూ ఆమెని పిలవడం లేదు. అతని మీద కోపంతో వెళ్ళింది కాదు. అతను ఆ ఇంట్లో లేడు, అంతే. ఆ లేకపోవడం ఎంత తేలిగ్గా ఉందో, దానికి తను సిగ్గుపడాలో వద్దో తేల్చుకోక, నీళ్ళు ఊరుతుంటే అలాగే ఉండిపోయింది. ఇప్పుడు సరిగ్గా ఆ చోటు మీద అతని వేలుంది.

అత్తగారు ముందుకొచ్చి తన గీత మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. "నేను తిరిగిందంతా ఇందులో ఉందా?" అన్నారు, చాలా చిన్న గొంతుతో. మన ఇంట్లోవాళ్ళమే కదమ్మా, మన దగ్గర దాపరికమేంటి అని కొడుకు నవ్వేశాడు. ఆవిడ కోడలి వైపు ఒక్కసారి చూసి లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు మధ్యాహ్నం ఆ కుర్చీలో కూర్చోలేదు. ఆ తర్వాత కూడా కూర్చోలేదు. నడుం నొప్పిగా ఉందమ్మా అనేవారు. తను మాటిచ్చిన మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉత్తినే కూర్చుని ఉండేవారు.

ఆ గీతలన్నీ ఆమె చెరిపేసింది. భర్త చేయించిన మార్పుని కూడా తీసేసింది. చేసేముందు అతన్ని అడగలేదు, చేశాక దాచలేదు. అతనికి చిర్రెత్తుకొచ్చింది. నీ మేలు కోసం కష్టపడితే ఇదా నువ్విచ్చే విలువ అన్నాడు. జనాన్ని పిలిచి ఖాళీ గోడ చూపిస్తావా అన్నాడు. చివరికి, నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో, నేను రాను, అని అలిగాడు. మామూలుగా అయితే ఈ మాట దగ్గర ఆమె దిగొచ్చేది. ఈసారి, సరే అంది. అంత చిన్న మాట నోట్లోంచి రావడానికి ఇన్నేళ్ళు పట్టిందేమిటా అని తనకే ఆశ్చర్యమేసింది.

మిగతా ఏర్పాట్లు ఆమె ఒక్కతే చూసుకుంది. గ్రంథాలయం నడిపే ఆవిడతో కలిసి హాల్లో బల్లల్ని గోడలవైపు తిప్పింది, ఒకరి తెర ఇంకొకరికి కనపడకుండా. మధ్యలో పాత పరదాలు కట్టింది. గోడంత తెర వద్దంది. పరదా ముడి ఎలా వెయ్యాలో చూపిస్తూ ఆవిడ, పైన ఒక గది ఖాళీగా పడుంది, పని చేసుకోవాలంటే వాడుకోండి, అంది. ఆ సాయంత్రం ఆమె మెట్లెక్కి ఆ గది గుమ్మంలో చాలాసేపు నిలబడింది. కిటికీ తీసి ఉంది.

ఆరోజు అనుకున్నదానికన్నా ఎక్కువమందే వచ్చారు. ఆమె తడబడింది కూడా. రెండో మాట దగ్గరే తడబడింది, ఆగింది, మళ్ళీ మొదలుపెట్టింది, ఆకాశమేం ఊడిపడలేదు. పత్రిక నుంచి వచ్చిన ఒకామె లేచి, ఇప్పటిదాకా ఆడినవాళ్ళు ఎక్కువగా ఎక్కడ ఆగుతున్నారు, ఏం చేస్తున్నారు అని అడిగింది. కత్తెర ఎక్కడుంది, మాత్రలు అయిపోయాయా, నా నీలం చొక్కా ఉతికావా అని ఇంట్లో భర్త ఏదడిగినా ఆమెకి తెలిసి తీరాలి. తెలియకపోతే అది తప్పే.

"నాకు తెలియదండీ," అంది. "తెలియకుండా ఉండేలాగే చేశాను."

జనం లేచి పరదాల వెనక్కి వెళ్ళారు. హాలు ఎంత నెమ్మదించిందంటే, నిజంగానే మంచు దిగిందేమో అనిపించింది. అందరి తర్వాత అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, కోడలి భుజం తట్టి, ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తలుపు పక్కన ఎప్పుడొచ్చి నిలబడ్డాడో భర్త కూడా ఉన్నాడు. ఎవరూ పలకరించకపోయేసరికి అతనూ మూల పరదా వెనక్కి వెళ్ళాడు. చాలాసేపటిదాకా రాలేదు. వచ్చినప్పుడు కళ్ళు కాస్త ఎర్రగా ఉన్నాయి. ఆమె చూసింది, ఏం అడగలేదు.

ఇంటికి వెళ్తుంటే కారు అతనే నడిపాడు. ఆమె పక్కన కూర్చుంది, అత్తగారు వెనక సీట్లో. బాగా జరిగింది, అన్నాడతను. అవునంది. తర్వాత ఆమె కిటికీ వైపు చూస్తూ, "గ్రంథాలయం పైన గది తీసుకుంటున్నాను. ఆఫీసు పనైనా నా పనైనా రేపటినుంచి అక్కడే చేసుకుంటాను," అంది.

అతను ఏదో అడగబోయి, మానేసి, మళ్ళీ ఉండలేక, "రోజూ ఎన్నింటికొస్తావు?" అన్నాడు.

ఆమె అతని వైపు తిరిగేలోపే వెనక సీట్లోంచి అత్తగారు అన్నారు: "వచ్చినప్పుడు వస్తుందిలే నాయనా. నువ్వు వంట చేసి మూతపెట్టు."