గొడ్లదాణా

చండమార్తాండుని కిరణముల ధాటికి గుంటూరు మిరపయార్డునందలి గోతములు సైతము ఘాటైన నిట్టూర్పులు విడుచుచున్నవో యనునట్లు ఎఱ్ఱని ధూళి దిక్కుల నావరింపఁగా బస్తాలు మోసి డస్సిన హమాలీలు తుమ్ముచు దగ్గుచు నీడపట్టులు వెదకికొనుచుండిన యొక వైశాఖమధ్యాహ్నమున నాంచారమ్మ యను పడుచుతల్లి కూతును చంకనిడికొని యార్డు వాకిటనున్న భావనారాయణగారి బలవర్ధకచూర్ణముల యంగడి మెట్లెక్కెను.

కూతురు మాణిక్యము రెండేండ్లు నిండినను గోడ పట్టుకొని నిలువలేని పుల్లవంటి పిల్ల. ఒంట మాంసకృత్తులు చాలవనియు ప్రొటీనుపొడి పట్టవలయుననియు వైద్యురాలు చెప్పినది మొదలు ఆ తల్లికి కంటిమీఁద కునుకు లేదు. నిదురించు బిడ్డ ముక్కుకడ వ్రేలుంచి ఊపిరి చూచుకొనుటయే యామెకు రేయెల్లఁ బని. అంగడిలో కండలవీరుని బొమ్మగల డబ్బాను పసిది రెండుచేతులఁ గౌఁగిలించుకొనఁగా భావనారాయణగారు దానిని విసురుగా లాగికొనిరి.

"ముట్టమాక! మీరు కొనేది కాదులే ఇది. గొడ్లకేసే ఉలవలు నాలుగు ఉడకేసి తాపు. మీ ఒంటికి అదే పడుద్ది."

అంగడి యంతయు గొల్లుమనెను.

ఆ మాట నాంచారమ్మ కడుపులో ఊకనిప్పువలె రాజుచునే యుండెను. ఇంటికిఁ బోవుచు ఉలవలే కొనెను. దోరగా వేఁచి పుట్నాలపప్పు చేర్చి మెత్తగా విసరి ఉప్పును జీలకఱ్ఱయు వేసి మజ్జిగలోఁ గలిపి బిడ్డకుఁ బట్టెను. పిల్ల ఉమిసెను.

"తాగవే నా తల్లీ! ఆడి కళ్ళముందే నువ్వు నడవాల" అని బతిమాలి బతిమాలి పట్టెను. వానలు తగ్గునప్పటికి మాణిక్యము గడప దాఁటెను.

అంతట కసియే యామెకు దారి చూపెను. భావనారాయణగారి గుమ్మమునకు సరిగా నెదుట ఆ ఉలవమజ్జిగ కుండ నిలిపి, అట్టమీఁద బొగ్గుతో "గొడ్లదాణా" యని వ్రాసి, టీనీళ్ల వెలకే గ్లాసునిండఁ బోయసాగెను.

"ఏందమ్మాయ్, మమ్మల్ని గొడ్లనుకున్నావా?" అని ముఠామేస్త్రి నవ్వెను.

"ఎదురుకొట్టు బాబుగారు పెట్టిన పేరే బాబాయ్! కాదంటానికి మనమెవరం?"

త్రాగినవాఁడు మఱునాఁడు తోడివానిని వెంటఁబెట్టుకొని వచ్చెను. హమాలీల వెనుక తొడిమలు దీయు కూలియాండ్రు, వారి వెనుక ఆటోవారు, తుదకు కండలు పెంచు కుఱ్ఱకారును ఆ కుండకే వరుస గట్టిరి. ఎదుటి డబ్బాలపై మిరపధూళి పేరుకొనెను.

మరుసటి వేసవి యెండలో నొకనాఁడు నీరసించిన భావనారాయణగారే మెట్లు దిగి వచ్చిరి.

"ఒక గ్లాసు... అది ఇయ్యమ్మా."

"అదంటే ఏది బాబుగారూ? ఇక్కడ అందరూ పేరు పెట్టే అడుగుతారు."

వరుసలోనివారెల్ల మెడలు చాఁచిరి. ఆయన తల వంచి "గొడ్లదాణా" యని గొణిగిరి.

"ఎనకాల వాళ్ళకి ఇనపళ్ళా."

"గొడ్లదాణా!"

ఏఁడాదిగాఁ దన చెవులఁ గ్రుళ్లుచున్న నవ్వు ఇప్పుడు దిశ మార్చుకొని ఫెళ్లున మ్రోఁగఁగా నాంచారమ్మ గ్లాసు నింపి కూఁతు చేతి కిచ్చెను. మాణిక్యము చుక్కయైనఁ దొణకక నడచిపోయి యందించెను. ఆయన గటగటఁ ద్రాగి మీసములకు నురుఁగుతోనే గ్లాసు మరల చాఁచిరి.

"పడిందా బాబుగారూ, మీ ఒంటికి?"

తల్లి కడుపునఁ బడిన మాట కుండలోని కవ్వమువంటిది. వెన్న తేలువఱకు తిరుగుట మానదు. ఎదుటి యద్దములవెనుక డబ్బాలమీఁది వీరులు ఎఱ్ఱని ధూళిలోఁ గూరుకొని యెవ్వరికిఁ గానరాకయే జబ్బలు చఱచుకొనుచుండిరి.