పచ్చగా ఉన్న బ్యాండు మేళం

మా బావ పగలంతా కట్టుడు పళ్ళు చేస్తాడు, పదేళ్ళుగా సాయంత్రాలు బొమ్మలకి రంగులేస్తున్నాడు. బొమ్మంటే బొటనవేలంత. అంతలోనే టోపీ, మీసం, కోటు, కోటుకి గుండీలు, గుండీకి నాలుగేసి బెజ్జాలు. పళ్ళ పని చేసే చెయ్యి కదా, నోరు తెరిచిన ప్రతి బొమ్మకీ ముప్ఫై రెండు పళ్ళూ ఉంటాయి. బాకా ఊదేవాడికి ఒక దంతం పుచ్చిపోయి కూడా ఉంది. ఒట్టు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి మీరు నమ్మక తప్పదు.

ఈ లెక్కన రెండేళ్ళు కూర్చుని ముప్ఫై మందితో ఒక బ్యాండు మేళం తయారుచేశాడు. సరిగ్గా అప్పుడే బొమ్మల మ్యూజియం వాళ్ళు ఒక మాటన్నారు. గాజు పెట్టె ఒకటి ఖాళీగా ఉంది, ఫోటోలు పంపండి, నచ్చితే మీ బొమ్మల్ని అందులో శాశ్వతంగా పెడతాం అని. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి గడువు. అప్పటిదాకా బావ బొమ్మల్ని చూసింది అక్కా, నేనూ, గోడమీద బల్లీ. బల్లి కూడా ఈమధ్య మొహం తిప్పుకుంటోంది. అందుకని బావకి ఆ గాజు పెట్టె కావాలి. నిద్రలో కూడా అద్దం తుడుస్తున్నట్టు చెయ్యి ఆడించేవాడని అక్క చెప్పింది.

పాత కెమెరాతో ఆ పని కాదని బావకి ఎవరూ చెప్పక్కర్లేదు. దాని బటన్ నొక్కి, స్నానం చేసి, తల తుడుచుకుని వస్తే అప్పుడు టిక్కుమనేది. బ్యాటరీ మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు కట్టి ఉండేది. లోపల మర ఏదో 'సూర్యాస్తమయం' అనే సెట్టింగు దగ్గర బిగుసుకుపోయి పదేళ్ళయింది. పొద్దున్నే తీసినా, ట్యూబులైటు కింద తీసినా, దాని లెక్కలో సూర్యుడు ఎప్పుడూ మునుగుతూనే ఉంటాడు. ప్రతి మొహమూ కందగడ్డే. నా పెళ్ళి ఫోటో దాంతోనే తీశారు. పెళ్ళికూతురి మీద పళ్ళు నూరుతున్నట్టు పడ్డాను. ఆవిడ ఇప్పటికీ దాన్ని సాక్ష్యంగా చూపిస్తుంది.

అక్క పుట్టినరోజుకని చెప్పి బావ కొత్త కెమెరా కొన్నాడు. కొని, అక్కని ముట్టుకోనివ్వలేదు. దాంతోపాటు తలకింద పెట్టుకుంటే దిండు అక్కర్లేనంత లావు పుస్తకం ఒకటి వచ్చింది. అది పదహారు భాషల్లో ఉంది. మనకొచ్చింది పదిహేడోది.

శుక్రవారం సాయంత్రం భోజనాల బల్లమీద తెల్ల దుప్పటి పరిచాడు. అటూ ఇటూ రెండు లైట్లు పెట్టాడు. మేళాన్ని వరసగా నిలబెట్టి, ఊపిరి బిగబట్టి బటన్ నొక్కాడు. ఫోటో కంప్యూటర్లో తెరిచాడు.

తెరిచి, కుర్చీలోంచి జారాడు.

కోట్లు ఎర్రగా, బాకాలు బంగారంలా మెరిసిపోతున్నాయి. కానీ ముప్ఫై మంది మొహాలూ ఆకుపచ్చ! లేత ఆకుపచ్చ కూడా కాదు, పాచి పట్టిన గోడ రంగు.

"కొత్త కెమెరాకి కామెర్లొచ్చాయేమో బావా," అన్నాను.

"నోర్మూసుకో. నువ్వే ఏదో నొక్కకూడనిది నొక్కావు."

"ముట్టుకోనిస్తేగా నొక్కడానికి!"

బల్బులు మార్చాం. దుప్పటి మార్చాం. బల్లని కిటికీ దగ్గరికి, కిటికీ దగ్గర్నుంచి వంటింట్లోకి లాక్కెళ్ళాం. ఆ కెమెరా మాత్రం యమకింకరుడిలా జాలి లేకుండా ఉన్నది ఉన్నట్టే చూపిస్తోంది. డోలు మీద వాలిన దోమ ఆవలిస్తే దాని కొండనాలుక కనబడింది. చివరికి బావ నన్ను ఒక ఫోటో తీశాడు. నేను నాలాగే పడ్డాను. జీవితంలో మొదటిసారి కోపం లేకుండా పడ్డాను. నా బుగ్గ పక్కనే బాకావాణ్ణి పెట్టి మళ్ళీ తీశాడు. నేను మనిషి రంగు, వాడు పాచి రంగు.

బట్టలు మడతపెడుతున్న అక్క తలెత్తి చూసింది.

"కెమెరాని ఎందుకు తిడతారండీ? వాళ్ళు పచ్చగానే ఉన్నారు కదా. మీ బొమ్మలన్నీ అంతేనని పదేళ్ళుగా చెప్తూనే ఉన్నాను."

"పచ్చగా ఉన్నారంటే మెచ్చుకుంటున్నావనుకున్నానే! పచ్చని మేని ఛాయ, బంగారంలా ఉన్నారని!"

"బంగారమా? నేనన్నది ఆకుపచ్చ."

"మరి ఆ 'ఆకు' అనే ముక్క ఎక్కడ మింగేశావ్?"

"ఎదురుగా కనబడుతుంటే ఆకులూ కొమ్మలూ కూడా చెప్పాలా?"

"చూసి చూసి పదేళ్ళు ఎలా ఊరుకున్నావే?"

"ఆర్టేమో అనుకున్నాను," అంది అక్క, దిండు గలీబు దులుపుతూ.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. బావ ఏనాడూ బొమ్మని బొమ్మలో చూడలేదు, ఫోటోలోనే చూశాడు. నాకూ ఆ ఫోటోలే చూపించేవాడు. రంగెయ్యడం, టిక్కుమనిపించడం, తెరమీద చూడటం. మొహం ఎర్రగా కనబడితే ఇంకో చుక్క ఆకుపచ్చ కలపడం. మళ్ళీ టిక్కు, మళ్ళీ చుక్క. పాత కెమెరా ఎరుపుకి సరిపోయేదాకా పదేళ్ళపాటు కలుపుతూనే ఉన్నాడు. కెమెరాకి నచ్చేలా మనుషుల్ని తయారుచేసిన మహానుభావుడు మా బావ ఒక్కడే.

శనివారం పొద్దున నేను గుట్టుగా పాత కెమెరా తీశాను. ఈసారి స్నానంతో పాటు గడ్డం కూడా గీసుకునేదాకా ఆగితే టిక్కుమంది. ఫోటోలో మేళం నిగనిగలాడుతోంది! బుగ్గలు చూస్తే ఇప్పుడే భోంచేసి లేచినట్టున్నారు.

"పంపించెయ్ బావా. గాజు పెట్టె నీదే."

బావ దాన్ని చాలాసేపు చూశాడు. వేలు పంపే బటన్ దాకా వెళ్ళింది.

"గాజు పెట్టెలో బొమ్మల్ని పెడతారా, ఈ డొక్కు కెమెరాని పెడతారా?" అంది అక్క వెనకనుంచి.

బావ వేలు వెనక్కి తీసుకున్నాడు. పన్నెండుకి పది నిమిషాలుందనగా, పాచి మొహాలున్న ఫోటోలే పంపించి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సోమవారం మ్యూజియం మేడం ఫోన్ చేసింది. బావ ఫోన్ నా చేతిలో పెడితే స్పీకర్ నేనే నొక్కాను.

"గుండీల బెజ్జాలు కూడా వేశారే! ఇంత సన్నపని నేనెక్కడా చూళ్ళేదు. కానీ ఒక్క సందేహం. మేళం మొత్తానికీ ఒకేసారి ఒంట్లో బాలేదా?"

"ఓడలో వెళ్తున్నారని చెప్పు. కడుపులో తిప్పుతోందని చెప్పు," అని బావ చెవిలో ఊదాను.

బావ నన్ను మోచేత్తో పొడిచాడు. "లేదండీ, వాళ్ళకి బాగానే ఉంది. రంగు నేనే తప్పేశాను. కళ్ళు మొహానే పెట్టుకుని కెమెరాని నమ్మాను."

అవతల నవ్వు వినబడింది. "మూడు వారాల్లో సరిచేయగలరా?"

"చేస్తానండీ!"

చేస్తానన్నాడు గానీ, ఆ మూడు వారాల్లోనే జనానికి పళ్ళన్నీ కూడబలుక్కుని ఊడాయి. పగలు పళ్ళు, సాయంత్రం బుగ్గలు. అక్క పక్కన కూర్చుని, "ఇంకొంచెం ఎరుపు... ఆ, చాలు, చాలన్నానా!" అంటూ రంగు చూసేది. ఎంత చేసినా పంతొమ్మిది మొహాలే తేలాయి. పదకొండు మంది పాచి రంగులోనే మిగిలారు.

"వాళ్ళని వెనక్కి తిప్పి నిలబెడదాం. వీపులు అందరికీ ఒకేలా ఉంటాయి," అన్నాను. మొదటిసారి నా సలహా బావకి నచ్చింది. అప్పుడే అనుమానించాల్సింది.

తీరా వెళ్ళి చూస్తే ఆ గాజు పెట్టె హాలు మధ్యలో ఉంది. నాలుగు వైపులా అద్దమే.

ప్రదర్శన మొదలైన పొద్దున బావ వెనక అద్దానికి వీపు ఆనించి, ద్వారపాలకుడిలా నిలబడ్డాడు. నవ్వుతూ అందరికీ నమస్కారాలు పెట్టాడు. టీ ఇస్తే వద్దన్నాడు. కుర్చీ వేస్తే వద్దన్నాడు.

"కొంచెం పక్కకి జరుగుతారా?" అంది మేడం.

"ఇక్కడ గాలి బాగుందండీ."

"జరగండి," అంది అక్క.

బావ జరిగాడు. మేడం మోకాళ్ళమీద వంగి ఒక్కొక్క మొహమూ చూసింది. బావ మొహం చూస్తే పన్నెండోవాడు కూడా తయారైనట్టే ఉంది.

"ఇంకా పదకొండు మంది ఉన్నారన్నమాట," అంది మేడం లేచి. "బ్రష్షు తెచ్చారా?"

బావ చొక్కా జేబులోంచి బ్రష్షు తీశాడు. రంగుల పెట్టె అక్క సంచీలో ఉంది. మేడం తాళం తీసి, అద్దం తలుపు తెరిచింది.

"పెట్టె మీకే ఇచ్చేశాం, ఇంక భయపడకండి. కుర్చీ వేయిస్తాను. మిగిలినవాళ్ళని ఇక్కడే, అందరి ముందూ పూర్తిచేయండి."

బావ మొదట పెద్ద డోలువాణ్ణి చేతిలోకి తీసుకున్నాడు. చుట్టూ జనం. నేను వాళ్ళని వరసలో నిలబెట్టాను. నన్నెవరూ అడగలేదు గానీ, అలాంటి పనులు అడిగితే చేసేవి కావు. ఒకాయన సెల్ ఫోన్ తీసి డోలువాడి మొహం మీద పెట్టాడు.

బావ తల కూడా ఎత్తలేదు.

"ఫోటో తర్వాత తీసుకుందురు గానీ, ముందు కళ్ళతో చూసి చెప్పండి. బుగ్గ సరిపోయిందా?"